చింతపండుతో తోమిన తుపాకీ

ఎన్నికల కోడ్ వచ్చిందంటే మా పల్నాడులో జెండాల కంటే ముందు తుపాకులు కదులుతాయి. లైసెన్సు ఉన్న ప్రతివాడికీ స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది, తెచ్చి అప్పజెప్పి రసీదు తీసుకుపొమ్మని. మొన్న బ్యాంకు పనిమీద నరసరావుపేటలో నడుస్తూ స్టేషన్ ముందు ఆగిపోయాను. గోనెపట్టాలో చుట్టినవాళ్ళు, పాత పంచెలో చుట్టినవాళ్ళు, ఒకాయనైతే మనవరాలు యోగా చాప పెట్టుకునే గులాబీ రంగు సంచిలో దూర్చుకొచ్చినవాడు, అందరూ పెద్దమనుషులే, వరసగా బెంచీ మీద కూర్చుని పిల్లల్ని బడిలో చేర్పించడానికి వచ్చినవాళ్ళలా తమ వంతు కోసం చూస్తున్నారు. నా కళ్ళు మనుషుల ముఖాల మీదికంటే ముందు సంచుల్లోంచి బయటికి కనిపిస్తున్న గొట్టాల మీదికి పోయాయి. ఇది ఏ కాలానిది, ఇది ఏ దేశపుది అని లోపల లెక్క కట్టుకుంటూ నిలబడ్డాను. ఆ బెంచీ మీద మా మామయ్య లేడు. ఆయనకు స్టేషన్ నుంచి ఫోన్ రావడం ఆగిపోయి చాలా ఏళ్ళయింది.

నాకు తుపాకుల సంగతి ఎలా తెలుసని మీరు అడగవచ్చు. నేను పేల్చినవాణ్ణి కాదు, చదివినవాణ్ణి. ఇంటర్ మధ్యలో ఆగిపోయి పత్తి మిల్లులో గుమాస్తాగా చేరాక, నా మిగతా చదువంతా శాఖా గ్రంథాలయంలోనే జరిగింది. సాయంత్రం మిల్లు నుంచి నేరుగా అక్కడికే వెళ్ళేవాణ్ణి, తలలో దూదిపోగులతోనే. వంతెనల మీద చదివాను, కుష్టురోగం మీద చదివాను, తేనెటీగల మీద చదివాను. ఎవరూ ముట్టని బీరువా ఒకటి ఉండేది, అందులో అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లీషు పుస్తకం, పాత వేట తుపాకుల్ని గుర్తుపట్టడం గురించి. ఎవరు కొన్నారో, మా ఊరికి ఎందుకొచ్చిందో తెలియదు. నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు కొంచెం చొప్పున ఒక వేసవంతా చదివాను. ఏ దేశంలో తయారైన తుపాకీ గొట్టానికి ఆ దేశపు పరీక్షశాలలో ముద్ర వేస్తారని, ఆ ముద్ర కంటికి కనిపించేచోట కాకుండా గొట్టాలు ఊడదీస్తే అడుగున ఉంటుందని, ఆ చిన్న గుర్తు చూస్తే తుపాకీ పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలుస్తాయని అందులో ఉంది. ఆ సంగతులు మిల్లులో చెప్పబోతే అందరూ ఉన్నట్టుండి పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళేవారు. నా చదువుకు నిజమైన తుపాకీ ఒకటి కావాలి. అది మా మామయ్య ఇంట్లో ఉంది.

మామయ్యది రెంటచింతల దాటాక ఒక పల్లె. వేసవిలో అక్కడ మంచినీళ్ళు అడిగితే వేడినీళ్ళు ఇస్తారు. ఆయన తాతగారు రైలు మార్గం వేసేటప్పుడు ఎడ్లబండ్ల మీద కంకర తోలిస్తే, ఆ పని చూసిన దొర వెళ్ళిపోతూ తన జోడు గొట్టాల తుపాకీ ఆ తాతగారికి ఇచ్చిపోయాడట. ఇంట్లో అందరూ దాన్ని లండన్ తుపాకీ అనేవారు. గొట్టం పొడవునా పాము ఒంటిమీద ఉన్నట్టు మెలికల మెలికల పొడ ఉండేది కాబట్టి పొడల తుపాకీ అని కూడా అనేవారు. దానికి ఇంకో కథ ఉంది, అదే అసలు కథ. మామయ్య తండ్రి, ఆయన అన్న ఆస్తి పంచుకున్నప్పుడు కాలవ కింది పొలం చెక్క ఒకటి, ఈ తుపాకీ ఒకటి చివర్లో మిగిలాయట. అప్పటికి ఆ కాలవలో నీళ్ళు వస్తాయని ఎవరికీ నమ్మకం లేదు. తుపాకీ ఉన్న ఇల్లు అంటే ఊళ్ళో మర్యాద. మామయ్య తండ్రి తుపాకీ తీసుకుని చెక్క వదిలేశాడు. తరువాత నీళ్ళు వచ్చాయి. ఆ చెక్కలో ఇప్పుడు మిరప ఎర్రగా పండుతుంది, పండించేది ఎదురింట్లో ఉండే ఆ అన్నగారి కొడుకు. వరసకు ఆయన కూడా నాకు మామే. రాజకీయంలో ఇటువాళ్ళు ఒక పార్టీ, అటువాళ్ళు ఇంకో పార్టీ. పెళ్ళిళ్ళకు పలకరించుకుంటారు, పొలం గట్ల మీద పలకరించుకోరు.

అందుకని దసరా రోజు ఆ తుపాకీ మోగడం మా మామయ్యకు వేడుక కాదు, హక్కు. ఆయుధపూజ అయ్యాక ఊరి చివర తన చేలోకి తీసుకెళ్ళి, మట్టికట్ట వైపు గురిపెట్టి, రెండు గొట్టాలూ ఒకదాని తరువాత ఒకటి పేల్చేవాడు. ఊరు ఊరంతా వినేది. ఎదురింటి మామ కూడా తన వాకిట్లో నిలబడి వినేవాడు, వినక తప్పేది కాదు. వేడుకకు తుపాకీ పేల్చడం చట్టం ఒప్పుకోదని నేను ఒకసారి చెప్పాను. లైసెన్సు అడవిపందుల కోసమే కదా ఇచ్చింది, దసరా నాడు పందులు రావని ఎక్కడ రాశారో చూపించమన్నాడు.

పూజకు ముందురోజు దాన్ని శుభ్రం చేసేది అత్తయ్య. ఇత్తడి బిందెల్ని, దేవుడి దీపపు కుందుల్ని తోమినట్టే తుపాకీని కూడా చింతపండుతో తోమేది. నానబెట్టిన చింతపండు గుజ్జు గొట్టం మీద పట్టించి కాసేపు ఎండలో పెట్టేది. గొట్టాల్లోకి చింతపండు నీళ్ళు పోసి, గుడ్డ చుట్టిన కందికట్టెతో లోపల కూడా పామేది. తరువాత కడిగి, తుడిచి, కొబ్బరినూనె రాసేది. ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు అత్తగారు నేర్పిన పద్ధతి అది, ఆ అత్తగారికి వాళ్ళ అత్తగారు నేర్పింది. ప్రతి ఏడూ పొడ మరింత తేటగా తేలేది. తన చిన్నప్పుడు ఈ మెలికలు కనీకనిపించనట్టు ఉండేవని, ఇప్పుడు చూడు ఎలా మెరుస్తున్నాయో అని మామయ్య వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. అమ్మవారు ఏటేటా తేలి కనిపిస్తోందని అత్తయ్య ఆ పొడ మీదే పసుపు, కుంకుమ పెట్టేది.

పుస్తకం చదివిన ఏడాది దసరాకు కొన్నాళ్ళ ముందే నేను వెళ్ళాను. మామయ్య కూతురికి ఆ వేసవిలోనే పెళ్ళయింది. అల్లుడు పిడుగురాళ్ళలో సున్నపుబట్టీల దగ్గర సొంత లారీ నడిపేవాడు, నవ్వుముఖం, నిదానం తక్కువ. మొదటి దసరాకు అల్లుడు వస్తున్నాడు. మామయ్యకు కొడుకులు లేరు. ఈసారి తుపాకీ అల్లుడి చేత పేల్పిస్తానని ఆయన పెళ్ళి పందిట్లోనే అందరి ముందు మాట ఇచ్చేశాడు.

తుపాకీ చూపించమంటే సంబరంగా తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. తూటాలు లేవని ముందు చూసుకుని, నోరు మనుషుల వైపు లేకుండా పట్టుకుని, పుస్తకంలో ఉన్నట్టు గొట్టాలు ఊడదీశాను. ఇది ఊడుతుందని ఆయనకు తెలుసు గానీ అడుగున చూడాలని ఎప్పుడూ అనిపించలేదట. భూతద్దం పెట్టి చూశాను. కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత, దాని లోపల మూడు ఇంగ్లీషు అక్షరాలు, పైన చిన్న కిరీటం. పుస్తకంలో బొమ్మగా చూసినదాన్ని ఇనుము మీద చూడటం నా జీవితంలో అదే మొదలు. అది బెల్జియం ముద్ర. పైన చెక్కిన ఇంగ్లీషు పేరు, కొనేవాళ్ళు లండన్ సరుకనుకోవాలని వేసింది. ఆ ఉత్సాహంలో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. మామయ్య గొట్టాల్ని నా చేతిలోంచి తీసుకున్నాడు.

"లండన్ కాదంటావు. ఇంకా ఏమేం కాదంటావో అది గూడా ఇప్పుడే చెప్పు," అన్నాడు.

చెప్పాను. ఇనుపపట్టీని, ఉక్కుపట్టీని కలిపి తాడులా పేని, కడ్డీకి చుట్టి, కాల్చి అతికించిన గొట్టం ఇది. ఆ మెలికలే పొడ. ఇవి పాతకాలపు పొగమందు కోసం చేసినవి. ఇప్పుడు దుకాణంలో దొరికే తూటాల్లో పొగలేని మందు ఉంటుంది, దాని ఒత్తిడి వేరు, ఈ గొట్టం దానికి పరీక్ష కాలేదు. ఇక పులుపు పెడితే ఇనుమును ఉక్కు కంటే తొందరగా తింటుంది, అందుకే పొడ తేలుతోంది. బయట తేలినంత మేరా లోపల కూడా గుంటలు పడి ఉంటాయి. తుపాకీ పట్టుకునే ఎడమ అరచెయ్యి సరిగ్గా దాని కిందే ఉంటుంది, ముఖం దానికి జానెడు దూరంలో ఉంటుంది. ఇవన్నీ పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. మామయ్య వింటూ గొట్టాన్ని బొటనవేలితో నిమురుతూ ఉన్నాడు, పశువు ఒళ్ళు నిమిరినట్టు. తాతల నాటి నుంచి పేలుతున్నదానికి ఇప్పుడు జబ్బు చేసిందా అన్నాడు. కాలవ చెక్క సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ ఆ గదిలో ఇద్దరం దాన్ని గురించే ఆలోచించామని నాకు తెలుసు.

నా పోరు పడలేక ఒకరోజు గుంటూరు వచ్చాడు. తుపాకులు అమ్మి, బాగుచేసే దుకాణంవాడు గొట్టాల్లోంచి ఒక్క చూపు చూసి, గోడకు తగిలించుకోండి పెద్దాయనా అన్నాడు. తిరుగు బస్సులో మామయ్య కొత్తవి అమ్ముకునేవాడు పాతవి బాగున్నాయని ఎందుకంటాడని నన్నే అడిగాడు. ఆ మాటలో న్యాయం కొంత ఉంది.

చివరికి పందెం ఆయనే పెట్టాడు. పుస్తకంలో దూరం నుంచి తాడుతో పేల్చి చూసే పద్ధతి ఉందని నేను ఎప్పుడో నోరు జారాను. సరే, అలాగే చేద్దాం, పగిలితే నీ మాట, పగలకపోతే నా మాట అన్నాడు. చేలో ట్రాక్టర్ టైరుకు తుపాకీని కట్టి, మట్టికట్ట వైపు తిప్పి, మీటకు నులకతాడు కట్టి, అందరినీ ట్రాలీ వెనక్కి పంపాను. అందరూ అంటే ఊళ్ళో సగం మంది. వాళ్ళకు ఎవరు చెప్పారో తెలియదు. ఎదురింటి మామ కూడా తన గట్టు మీద నిలబడి ఇటే చూస్తున్నాడు. తాడు నేనే లాగాను. కుడి గొట్టం పేలింది, ఎడమ గొట్టం పేలింది. మట్టికట్ట దుమ్ము రేగింది. టైరు అదిరింది. తుపాకీ మాత్రం కట్టినచోటే చెక్కుచెదరకుండా ఉంది.

"పగిలింది తుపాకీ గాదు, మనోడి పుస్తకం," అన్నాడు ఎదురింటి మామ గట్టు మీదనుంచి. ట్రాలీ వెనక అందరూ నవ్వారు. ఏళ్ళ తరబడి ఎదురింటాయన మాటకు నవ్వని మామయ్య ఆ రోజు నవ్వాడు. పగతో ఉన్న రెండిళ్ళవాళ్ళను నా చదువు ఒక్క నిమిషం కలిపింది.

నేను నవ్వలేకపోయాను. రెండు దెబ్బలకు తట్టుకున్న గొట్టం మూడో దెబ్బకు తట్టుకుంటుందని ఎక్కడా లేదు. ఊడదీసి గొట్టాల్ని ఆకాశం వైపు పెట్టి చూశాను. ఎడమ గొట్టం లోపల గుంటలున్నా వెలుగు తిన్నగా వస్తోంది. కుడి గొట్టం మధ్యలో, సరిగ్గా ఎడమ చెయ్యి ఆనేచోటికి కాస్త ముందు, నల్లగా ఉంగరంలాంటి నీడ. గొట్టం అక్కడ ఉబ్బితేనే అలా కనిపిస్తుంది. ఆ ఉంగరం ఆ రోజే వచ్చిందో, అంతకు ముందునుంచీ ఉందో నేను చెప్పలేను. మామయ్యను పిలిచి చూపించాను. ఆయన ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. మబ్బు నీడ అన్నాడు. ఆ రోజు మబ్బు లేదు. రెంటచింతల వైపు మబ్బు పడితే జనం వీధిలోకి వచ్చి చూస్తారు.

సాయంత్రం నేను బయల్దేరబోతుంటే అత్తయ్య వంటింటి గడప దగ్గర ఆపింది. నేను మామయ్యకు చెప్పినవన్నీ ఆ రోజు ఆమె లోపలినుంచి విందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఏమబ్బాయ్, ఇన్నేళ్ళూ నా చేత్తోనే దాన్ని తినేశానా?" అంది.

అలా కాదత్తయ్యా, చేసినవాళ్ళు ఎలా తుడవాలో చెప్పి పంపలేదు, అది మన కంటే ముందే పాతది, నువ్వు రాకముందునుంచీ అలాగే తోముతున్నారు అని ఏవేవో చెప్పాను. అన్నీ నిజాలే. ఆమె తల ఊపింది.

"నేను తోమింది మీ మామ మొహం కాడ పెట్టుకునేదాన్ని గదా," అంది. మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. నాకు ఇచ్చిన మజ్జిగ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. పుస్తకంలో గొట్టం ఎందుకు పగులుతుందో ఉంది, ఇలాంటి మాటకు ఏం చెప్పాలో లేదు.

దసరా రోజు పొద్దున్నే వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. అత్తయ్య ఆ ఏడు తుపాకీని తోమలేదు. పొడిగుడ్డతో తుడిచి పూజలో పెట్టింది. మామయ్య అది గమనించాడు. అల్లుడు కొత్త తెల్ల చొక్కాలో, చేతికి కంకణంతో హుషారుగా ఉన్నాడు. లైసెన్సు లేని చేతికి తుపాకీ ఇవ్వడం కూడా నేరమేనని నేను మొదలుపెట్టబోతే అత్తయ్య గారెల పళ్ళెం తెచ్చి నా చేతిలో పెట్టింది. అందరం చేలోకి నడిచాం. ఎదురింటి మామ, వాళ్ళ కొడుకులు కూడా వచ్చి గట్టు మీద నిలబడ్డారు. తాడు లేదు, టైరు లేదు. మామయ్య నడుముకు ఉన్న సంచిలోంచి తూటాలు తీసి గొట్టాల్లో పెట్టాడు, మూశాడు, అల్లుణ్ణి దగ్గరికి పిలిచాడు. తుపాకీ మడమ భుజానికి ఎలా ఆనించాలో, ఎడమ చెయ్యి గొట్టం కింద ఎక్కడ పట్టాలో చూపించసాగాడు. చూపిస్తూ అల్లుడి చెయ్యి పట్టుకుని ఆ చోట పెట్టాడు.

అక్కడ ఆగాడు. అల్లుడి చెయ్యి గొట్టం మీద ఉంది, దాని మీద మామయ్య చెయ్యి ఉంది. అలా ఎంతసేపు ఉన్నాడో నాకు తెలియదు. తరువాత తుపాకీ వెనక్కి తీసుకున్నాడు. తెరిచి తూటాలు తీసి సంచిలో వేసుకున్నాడు. గొట్టాల్ని ఆకాశం వైపు ఎత్తి మళ్ళీ ఒకసారి చూశాడు.

"ఇది పేలదు అల్లుడూ," అన్నాడు.

అల్లుడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "ఒక్కటి గొడితే ఏమయిద్ది మామా. మొన్న పగల్లేదు గదా."

"నేనైతే పేల్చుకునేవాణ్ణి. నువ్వు మా అమ్మాయి మొగుడివి."

గట్టు మీదనుంచి ఎదురింటి మామ గొంతు వినిపించింది. "ఏందిరా తమ్ముడూ, మందు గాని తడిసిందా?"

మామయ్య ఆయన వైపు తిరిగాడు. ఆ మాటకు మామూలుగా అయితే ఏం జరిగేదో మాకందరికీ తెలుసు. ఆయన మాత్రం చుట్టాన్ని ఆసుపత్రిలో చూసి వచ్చినవాడు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "మందు బాగానే ఉందన్నా. గొట్టమే లోపల చెడిపోయింది."

ఆ ఒక్క మాట అనడానికి ఆయన ఏం వదులుకున్నాడో ఆ చేలో ఉన్నవాళ్ళందరికీ అర్థమైంది. తండ్రి పంపకంలో తెచ్చుకున్నది చెడిపోయిందని ఎవరి ముందు ఒప్పుకోకూడదో వాళ్ళ ముందే ఒప్పుకున్నాడు. ఎదురింటి మామ కొడుకుల్ని పదండిరా అన్నాడు. మేము తిరిగి వస్తుంటే ఊళ్ళో జనం వాకిళ్ళలో నిలబడి ఉన్నారు, ఇంకా మోత వినబడలేదేమిటని.

ఆ తరువాత వచ్చిన ఎన్నికలకు మామయ్య తుపాకీని ఎప్పటిలాగే స్టేషన్‌లో అప్పజెప్పాడు. కోడ్ ఎత్తేశాక తెచ్చుకోవడానికి వెళ్ళలేదు. రెండుసార్లు కబురు వచ్చాక వెళ్ళి లైసెన్సు కూడా ఇచ్చేసి వచ్చాడు. ఎందుకని అక్కడి రైటర్ అడిగితే పందులు తగ్గాయని చెప్పాడట. పందులు తగ్గలేదు, పెరిగాయి. ఇప్పుడు చేను చుట్టూ పాత చీరలు కట్టి, రాత్రంతా రేడియో మోగిస్తారు. దసరాకు అత్తయ్య కొడవళ్ళు, పార, అల్లుడి లారీ స్పానర్లు పూజలో పెడుతుంది. వాటిని చింతపండుతో తోమదు. మామయ్య ఆ చెక్క కనిపించే కాలవ కట్ట మీదుగా నడవడం మానేసి చుట్టూ తిరిగి చేనుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. మోకాళ్ళ నొప్పులు వచ్చాక కూడా ఆ దారి మార్చలేదు.

నేను గ్రంథాలయంలో ఆ పుస్తకం మళ్ళీ తీసి ఆ పేజీలు మళ్ళీ చదివాను. ప్రతి అక్షరం నేను చెప్పినట్టే ఉంది. అయినా ఆ తుపాకీ ఆ రోజు పగిలేదని ఎవరూ చెప్పలేరు, నేను కూడా. పేలి ఉంటే తెలిసేది. పేలలేదు కాబట్టి, నేను ఒక ఇంటి పరువును ఊరికే తీసేశానో, ఒక మనిషి కళ్ళు కాపాడానో నాకు తేలలేదు. ఆ సందేహం అప్పుడప్పుడు మిల్లులో లెక్కలు రాస్తుంటే వచ్చి నా ఎదురుగా కూర్చునేది.

పోయిన నెల మామయ్య ఇంట్లో అందరం కలిశాం. అల్లుడికి ఇప్పుడు చెంపల దగ్గర నెరిసింది, రెండు లారీలయ్యాయి. భోజనాలయ్యాక తన పిల్లలకు ఆ దసరా కథ చెప్పడం మొదలుపెట్టాడు, ఎప్పుడూ చెప్పే పద్ధతిలోనే. మీ తాత తుపాకీ నా చేతిలో పెట్టి, తీరా పేల్చేటప్పుడు భయపడి లాక్కున్నాడు, నా జీవితంలో ఒక్కసారి తుపాకీ పేల్చే యోగం పోగొట్టాడు అని అభినయం పట్టి చూపించాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. అత్తయ్య గిన్నెలు సర్దుతూ నా వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది. మామయ్య పడక కుర్చీలో కూర్చుని, ఆ అభినయం చేస్తున్న ఎడమ చేతిని, అన్ని వేళ్ళతో గాలిలో ఆడుతున్న చేతిని చూస్తూ, అవునవును, భయపడ్డాను అన్నాడు. జరిగినవాటిని కాలం ఏదో ఒకనాడు మరిపిస్తుంది, జరగకుండా పోయినవాటిని మాత్రం వాటిని ఆపినవాళ్ళ దగ్గరే వదిలేసి ముందుకు వెళ్ళిపోతుంది.